మొదటిసారి చేతిపట్టు పోటీకి వెళ్తున్నావా? ముందు చెయ్యి కాపాడుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుణుపూర్‌లో హార్డ్‌వేర్ షాపులో పని, వయసు 24, బరువు 78 కిలోలు. ఇంకో పది వారాల్లో విశాఖపట్నంలో పిడికిలి బలం పోటీ. నాలుగు ఈవెంట్లు: గ్రిప్పర్ (స్ప్రింగుతో కలిపిన రెండు పిడులు) పిడికిట్లో నొక్కి మూయడం, తిరిగే లావు పిడిని ఒంటిచేత్తో ఎత్తడం, లావు రాడ్‌ను రెండు చేతులతో ఎత్తడం, రెండు చేతుల పించ్ (మందపాటి చెక్కలాంటిదాన్ని బొటనవేళ్ళకూ మిగతా వేళ్ళకూ మధ్య నొక్కిపట్టి ఎత్తడం). 1.5 నంబరు గ్రిప్పర్ మూస్తున్నావు, పట్టు జారకుండా చేతిని రాడ్‌కు కట్టే స్ట్రాప్స్ వేసుకుని, నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా లేపే ఎత్తులో, అంటే 160 కిలోల డెడ్‌లిఫ్ట్ లేపుతున్నావు, మిగతా మూడు పరికరాలూ ఇంతవరకు ముట్టుకోలేదు. రోజూ ఎంతసేపు ప్రాక్టీస్ చేయాలని అడిగావు. మొదటిసారే వెళ్ళి పరువు పోగొట్టుకుంటానేమోనన్న టెన్షన్ కూడా రాశావు.

మొదటిదానికి జవాబు: రోజూ చేయకు. వారానికి రెండు రోజులు చాలు. మొదటిసారి వచ్చే కుర్రాళ్ళలో ఎక్కువమంది బలం చాలక ఓడిపోరు. పోటీ రోజుకి చేతులు అరిగిపోయి వస్తారు. అరచేతిలో కాయలు ఊడి, వేళ్ళ మొదట్లో నొప్పి పెట్టుకుని, ముంజేయి రాయిలా బిగుసుకుపోయి వస్తారు. నేనూ అలాగే వెళ్ళాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది పర్లాకిమిడి. నాన్న రైస్ మిల్లులో కళాసీ. బస్తా చెవులు రెండు చేతులా పట్టి లేపి వీపు మీద వేసుకునేవాడు. ఆయన ముందు నేను గ్రిప్పర్ నొక్కి గొప్పగా చూపిస్తే తనూ తీసుకుని నొక్కాడు, మూతపడలేదు. కానీ ఆయన బస్తా చెవి పట్టుకుంటే నేను రెండు చేతులతో లాగినా విడిపించలేకపోయాను. చేతిపట్టు ఒక్కటి కాదని నాకు తెలిసింది ఆ రోజే. బస్తా చెవి పట్టడం బొటనవేలి పని. తడి దుప్పటి పిండడం నాలుగు వేళ్ళ పని. నిండు నీళ్ళ బకెట్ బోరింగు దగ్గర నుంచి ఇంటిదాకా మోయడం పట్టి ఉంచే పని. నీ పోటీలో ఈ మూడూ ఉన్నాయి. నువ్వు మాత్రం రెండోదాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్నావు.

ముందు గ్రిప్పర్ సంగతి. కెప్టెన్స్ ఆఫ్ క్రష్ అనే గ్రిప్పర్ల బ్రాండు లెక్కలో 1 నంబరు సుమారు 64 కిలోలు, 1.5 నంబరు 76, 2 నంబరు 88, 3 నంబరు 127, 4 నంబరు 166 కిలోలు. 1.5 నుంచి 2కి ఉన్నది 12 కిలోల మెట్టు. పది వారాల్లో అది ఎక్కే అవకాశం ఉంది, కానీ దానికోసం మిగతా మూడింటినీ వదిలేయకు. 3 నంబరును అధికారికంగా మొదట మూసింది రిచర్డ్ సోరిన్, 1991లో. 4 నంబరుకు 1998 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు జో కిన్నీ మూశాడు. ఒక్కో నంబరుకు ఎంత కాలం పడుతుందో దీన్నిబట్టి ఆలోచించు.

ఇక్కడ చాలామంది పోటీకి వెళ్ళాక తెలుసుకునే విషయం ఒకటుంది. నువ్వు ఇంట్లో గ్రిప్పర్‌ను రెండో చేత్తో దగ్గరికి నొక్కి, చేతిలో సర్దుకుని, చివరి కొంచెం మూస్తూ ఉంటే, పోటీలో ఆ వెసులుబాటు ఉండకపోవచ్చు. కొన్ని పోటీల్లో ఏటీఎం కార్డు అడ్డం కొలత, అంటే 54 మిల్లీమీటర్లు, పిడుల మధ్య పట్టాలి. అక్కడి నుంచి నీ బలంతోనే మూయాలి. కొన్నిచోట్ల 20 మిల్లీమీటర్ల చెక్కముక్క పెడతారు. 20 నుంచి మూయగలిగినవాడు 54 నుంచి మూయలేక నిలబడిపోవడం నేను కళ్ళారా చూశాను. నిర్వాహకులకు ఇవాళే ఫోన్ చేసి ఏ కొలత నుంచి మొదలో కనుక్కో. తెలిసేదాకా కార్డు కొలతతోనే ప్రాక్టీస్ చెయ్యి. కష్టమైన కొలత అలవాటైతే తేలికైనది దానంతటదే వస్తుంది. ఇంకో మాట, ఒకే నంబరున్న రెండు గ్రిప్పర్లు కూడా ఒకేలా ఉండవు. స్ప్రింగులో తేడా ఉంటుంది. నీ 1.5 వాళ్ళ 1.5 కంటే మెత్తనిదై ఉండొచ్చు. అందుకని పోటీలో నీ నంబరు కంటే ఒక మెట్టు కిందిదాన్ని ముందు మూసి, అది స్కోరు షీటులో రాయించుకో.

మిగతా మూడు పరికరాలు కొనాలంటే ఖర్చు. నువ్వు హార్డ్‌వేర్ షాపులో ఉండటం నీ అదృష్టం, మొత్తం అక్కడే దొరుకుతుంది. తిరిగే పిడిని రోలింగ్ థండర్ అంటారు, దాని లావు సుమారు 60 మిల్లీమీటర్లు. మీ షాపులో రెండించీల జీఐ పైపు తీసి బయటి కొలత చూడు, 60.3 వస్తుంది. రెండించీలనేది పేరుకే, బయట నుంచి అంతకంటే లావు. లావు రాడ్ అంటే యాక్సిల్, దానికి ఇంచిన్నర పైపు తీసుకో, బయటి కొలత 48.3. పోటీ యాక్సిల్స్ ఎక్కువగా ఈ లావులోనే, లేదా 50 మిల్లీమీటర్లలో ఉంటాయి. రెండించీల పైపును ఒక జానెడు కోయించి, అంచులు అరంతో రాసి, లోపలికి గట్టి ఇనుప రాడ్ దూర్చి, రెండు చివర్లా గొలుసు తగిలించు. పైపు రాడ్ మీద తేలిగ్గా తిరగాలి, అది ముఖ్యం. తిరగకపోతే నువ్వు ప్రాక్టీస్ చేసేది వేరే ఈవెంట్ అవుతుంది. కిందికి గొలుసుతో సిమెంటు సంచి కట్టి, అందులో ఇసుక పోసి, షాపు కాటా మీద తూకం వేసుకో. వానాకాలంలో ఇసుక తడిసి బరువు మారుతుంది, కాబట్టి ప్రతిసారీ తూయాలి. గోడకు, అరలకు వేసే రంగు పైపు మీద వేయకు, జారుతుంది. ఉత్త ఇనుమే మంచిది.

పించ్‌కి వడ్రంగి దగ్గర 54 మిల్లీమీటర్ల మందం ఉన్న టేకు చెక్క ఒకటి రెండడుగుల పొడవున చేయించు. కింద మధ్యలో కొక్కెం బిగించి బరువు వేలాడదీయి. పోటీలో మందాన్ని మార్చుకునే ఇనుప పరికరం ఉంటుంది. పెద్ద చేతులున్నవాళ్ళు మందం పెంచుకుంటారు. చెక్క కంటే ఇనుము ఎక్కువ జారుతుంది, కాబట్టి ఇంట్లో చెక్క మీద వచ్చిన బరువులో పదో వంతు తగ్గించి లెక్క వేసుకుంటే నిరాశ ఉండదు. జిమ్‌లో నున్నటి 10 కిలోల ప్లేట్లు రెండు ఉంటే వాటిని అక్షరాలున్న వైపులు లోపలికి పెట్టి, నున్నటి వైపు బయటికి వచ్చేలా కలిపి పట్టుకున్నా పని జరుగుతుంది.

లావు ఎందుకు కష్టమో అర్థమైతే ప్రాక్టీస్ తేలికవుతుంది. మామూలు రాడ్‌ను పట్టుకున్నప్పుడు వేళ్ళు చుట్టూ తిరిగి బొటనవేలి మీదికి వస్తాయి, తాళం పడుతుంది. లావు రాడ్‌లో వేళ్ళ కొనలు బొటనవేలిని అందుకోవు. బరువు వేళ్ళను తెరుస్తూ ఉంటుంది. ఫ్రాన్స్‌లో లూయీ ఊనీ అనే బలశాలి ఉండేవాడు, 1862లో పుట్టాడు, అపోలాన్ అని పేరు పెట్టుకున్నాడు. రైలు చక్రాలున్న 166 కిలోల ఇరుసు ఒకటి ఆయన ప్రదర్శనల్లో ఉండేది. దాని బరువు కంటే లావే ఎక్కువమందిని ఓడించింది. నీ యాక్సిల్ ఈవెంట్ ఆ ఇరుసు పేరు మీద వచ్చిందే. తిరిగే పిడిలో ఇంకో ఇబ్బంది కూడా చేరుతుంది. వేళ్ళు తెరుచుకునే వైపే పైపు తిరుగుతుంది. అందుకే దాన్ని ఒక్కసారి గుంజి లేపకూడదు. గుంజితే పైపు గిర్రున తిరిగి వేళ్ళ కొనలకు వచ్చేస్తుంది. గొలుసు బిగిసేదాకా నెమ్మదిగా లాగి, బరువు చేతికి పూర్తిగా వచ్చిందనిపించాక, కాళ్ళతో లేవాలి. చూపుడువేలు, బొటనవేలు గురించి అందరూ ఆలోచిస్తారు. నా అనుభవంలో ఈ ఈవెంట్‌లో మొదట వదిలేసేది ఉంగరపు వేలు, చిటికెన వేలు. పట్టుకునేటప్పుడు వాటినే ముందు లోతుగా సర్దు.

మణికట్టు సంగతి ఇప్పుడే చేసి చూడు. మణికట్టును లోపలికి బాగా వంచి పిడికిలి బిగించు. బలం రాదు. అదే మణికట్టును కొంచెం వెనక్కి, అరచేయి ఎదుటివారికి చూపిస్తున్నట్టు లేపి బిగించు. తేడా నీకే తెలుస్తుంది. వేళ్ళను ముడిచే కండలు అరచేతిలో కాదు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి తాళ్ళలాంటి స్నాయువులు మణికట్టు మీదుగా వేళ్ళకు వెళ్తాయి. మణికట్టు లోపలికి వంగితే ఆ తాళ్ళు వదులైపోతాయి. గ్రిప్పర్ మూసేటప్పుడు మణికట్టు లోపలికి వంకరపోవడం అందరికీ ఉండే తప్పు. నీ వీడియో తీసి ఈ ఒక్కటే చూసుకో.

యాక్సిల్‌కు నీ 160 కిలోల డెడ్‌లిఫ్ట్ చూసి ధైర్యం తెచ్చుకోకు, భయపడకు కూడా. స్ట్రాప్స్ తీసేసి, రెండు అరచేతులూ నీ వైపు తిరిగి ఉండేలా పట్టుకుంటే మొదటి రోజు 100, 110 దగ్గర ఆగిపోవచ్చు. అది మామూలే. నడుముకు 160 తెలుసు కాబట్టి పని మొత్తం చేతులదే అవుతుంది, అందులో నువ్వు త్వరగా పెరుగుతావు. ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు తిప్పి పట్టడం ఈ ఈవెంట్‌లో సాధారణంగా ఒప్పుకోరు. బొటనవేలిని రాడ్‌కు ఆనించి దాని మీద వేళ్ళతో నొక్కిపట్టే హుక్ పట్టు ఉంది. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కర్ణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది కదా, ఆ ఆటలో వాడే పట్టు అది. మామూలు రాడ్‌కు అది బంగారం. 48 మిల్లీమీటర్ల లావుకు చాలా పెద్ద చేతులుంటే తప్ప కుదరదు. పది వారాల్లో దానితో కుస్తీ పట్టకు.

ఇప్పుడు వారం ఎలా ఉండాలో. షాపులో సిమెంటు లారీ దిగే రోజులు ఏవో ముందు చూసుకో. 50 కిలోల బస్తాలు రోజంతా దించితే అది కూడా నీ చేతులకు ప్రాక్టీసే, దాన్ని లెక్కలోంచి తీసేయడానికి లేదు. లారీ వచ్చిన రోజు, దాని మర్నాడు పట్టు ప్రాక్టీస్ వద్దు. మిగిలిన వాటిలో మూడు రోజుల ఎడంతో రెండు రోజులు ఎంచుకో. ఒక రోజు గ్రిప్పర్, పించ్. ఇంకో రోజు తిరిగే పిడి, యాక్సిల్. ఒక్కో దానికి వేడెక్కాక ఐదారు ఎత్తులు, ప్రతిదానికీ మధ్య మూడు నిమిషాలు. పూర్తిగా జారిపోయేదాకా వెళ్ళకు. ఇంకొక్కటి లేపగలను అనిపించినప్పుడే ఆపెయ్యి. వీపు, కాళ్ళు అలసిపోతే తెలుస్తుంది, చేతులు అలసిపోతే తెలియదు. మూడో రోజు తాళం చెవి తిప్పినప్పుడు తెలుస్తుంది. మొదటి నాలుగు వారాలు బరువు కంటే పట్టుకునే తీరు నేర్చుకో. ఐదు నుంచి ఎనిమిదో వారం దాకా బరువు పెంచు, కానీ పెంచేది ఒక్కో కిలో. పించ్‌లో రెండున్నర కిలోలు పెద్ద తేడా. డెడ్‌లిఫ్ట్‌లో పది కిలోలు పెంచినట్టు ఇక్కడ పెంచితే దెబ్బ తింటావు. కండ కొన్ని వారాల్లో గట్టిపడుతుంది. స్నాయువులకు నెలలు పడుతుంది. ఆ మధ్యలోనే గాయాలన్నీ అవుతాయి.

గాయాల గురించి భయపెట్టడానికి కాదు, కానీ రెండు చోట్ల నొప్పి వస్తే వెంటనే ఆపాలి. వేలి మొదటి కణుపు దగ్గర, అరచేతి వైపు, నొక్కితే సూది గుచ్చినట్టుండే నొప్పి ఒకటి. మోచేతి లోపలి ఎముక దగ్గర నొప్పి ఇంకొకటి. మొదటిది వేలిలో స్నాయువును ఎముకకు పట్టి ఉంచే బంధం దెబ్బతిన్న గుర్తు. రెండు వారాలు ఆపి, అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించు. నొప్పి మాత్ర వేసుకుని మళ్ళీ పట్టుకోవడం మాత్రం వద్దు. వీటిని రానీయకుండా ఉండటానికి ప్రతి ప్రాక్టీస్ తర్వాత వేళ్ళను తెరిచే వ్యాయామం చెయ్యి. పాత సైకిల్ ట్యూబును వేలెడు వెడల్పున కోసి, ఐదు వేళ్ళకూ చుట్టి తెరవాలి. బకెట్ నిండా నూకలు పోసి అందులో చెయ్యి దూర్చి తెరవడం, తిప్పడం కూడా మంచిది. మా ఇంట్లో ఆ బకెట్ పదేళ్ళుగా ఉంది. ఇద్దరు పిల్లలూ అందులోనే ఆడుకున్నారు.

ఇక చర్మం. ఈ మాట ఎవరూ చెప్పరు, కానీ సగం పోటీలు ఇక్కడే పోతాయి. సిమెంటు తడి తగిలితే చర్మాన్ని కాలుస్తుంది, పొడిగా తగిలినా చర్మంలోని తేమంతా తీసేస్తుంది. అలా ఎండిన చర్మం లావు పైపు మీద చీలిపోతుంది. ఈ పది వారాలు గ్లవ్స్ లేకుండా సిమెంటు ముట్టుకోకు. పని అయ్యాక చేతులు కడిగి, రాత్రి పడుకునేముందు కొబ్బరి నూనె రాయి. కాయలు ఎత్తుగా పెరగనీయకు. స్నానం అయ్యాక, చర్మం మెత్తగా ఉన్నప్పుడు ఎమరీ పేపరుతో చుట్టుపక్కల చర్మంతో సమానమయ్యేదాకా రాయి. బ్లేడు పెట్టి కోయకు. కాయ బలానికి గుర్తు అని నీ స్నేహితులు అంటారు. ఎత్తుగా ఉన్న కాయ పైపుకు పట్టుకుని కిందిదాకా ఊడిపోతుంది, ఆ రోజు ఇంక ఏమీ ఎత్తలేవు.

నాకు జరిగింది అదే. మొదటి పోటీకి ముందు వారమంతా రోజూ పట్టుకున్నాను. గురువారం పించ్‌లో నా అత్యధిక బరువు లేపి సంబరపడ్డాను. శుక్రవారం రైలెక్కేటప్పటికి కుడి అరచేతిలో కాయ సగం ఊడి ఉంది. సీటు దొరక్క పైన కడ్డీ పట్టుకుని గంటలు గంటలు నిలబడ్డాను. మర్నాడు పించ్‌లో గురువారం ఎత్తిన బరువుతోనే మొదలుపెట్టాను. మూడుసార్లూ లేవలేదు. ఆ ఈవెంట్‌లో సున్నా.

సున్నా అంటే ఎంత నష్టమో చెబుతాను. ఇలాంటి పోటీల్లో లెక్క తరచూ ఇలా ఉంటుంది. ఈవెంట్‌లో ఎక్కువ ఎత్తినవాడికి 100 పాయింట్లు, మిగతావాళ్ళకు అతని బరువులో తమ బరువు ఎంత శాతమో అన్ని పాయింట్లు. గెలిచినవాడు 80 కిలోలు లేపితే, 60 లేపినవాడికి 75 పాయింట్లు వస్తాయి. 56 లేపినా 70 వస్తాయి. 60కీ 56కీ తేడా ఐదు పాయింట్లు. కానీ 60 దగ్గర మొదలుపెట్టి మూడుసార్లూ పోతే 75 పాయింట్లు పోయినట్టే. అందుకని మొదటి అటెంప్ట్ నిద్రలో లేపినా లేచేదై ఉండాలి. ప్రాక్టీస్‌లో తిరిగే పిడి మీద 60 వస్తే, పోటీలో 52తో మొదలుపెట్టు. రెండోది 57. మూడోది ఆ రోజు చెయ్యి ఎలా ఉందో చూసి 60 లేదా 61. ఈ మూడు అంకెలూ ముందు రోజు రాత్రే కాగితం మీద రాసుకో, పక్కవాడు ఎంత పెట్టించాడో చూసి మార్చకు. కొన్ని పోటీల్లో బరువు తక్కువ నుంచి పెరుగుతూ వెళ్తుంది, ఒకసారి పెరిగాక మళ్ళీ తగ్గించరు. అక్కడ తొందరపడి మొదటి పిలుపుకే లేచి వెళ్ళినా ఒక అటెంప్ట్ ఖర్చవుతుంది. ఏ పద్ధతో ముందే అడుగు.

చివరి రెండు వారాలు చెప్పడం తేలిక, చేయడం కష్టం. పోటీకి తొమ్మిది పది రోజుల ముందు నాలుగు ఈవెంట్లూ ఒకసారి, మొదటి అటెంప్ట్ బరువులతో చేసి చూడు. ఆ తర్వాత బరువు ముట్టుకోకు. మధ్యలో ఒకసారి సగం బరువుతో పట్టుకుని తీరు గుర్తు చేసుకోవడం చాలు. ఆ వారం చేతులు ఖాళీగా ఉంటే బలం పోతున్నట్టు అనిపిస్తుంది. పోదు. కుదిరితే షాపు యజమానిని అడిగి ఆ వారం లారీ పని తప్పించుకో. ఒప్పుకోకపోతే, బస్తాలను వేళ్ళతో పట్టి లాగకుండా భుజం మీదికి ఎత్తించుకో.

గుణుపూర్ నుంచి వైజాగ్‌కు రైల్లో వెళ్తావు కాబట్టి ముందు రోజే వెళ్ళు. బ్యాగు వీపుకు తగిలించుకునేది తీసుకో, చేత్తో మోసేది వద్దు. స్టేషన్‌కు ముందే వెళ్ళి సీటు చూసుకుని కూర్చో, లేకపోతే నాలాగా కడ్డీకి వేలాడతావు. బ్యాగులో రెండు తువ్వాళ్ళు, చిన్న సబ్బు, మెగ్నీషియం చాక్, ఎమరీ పేపరు, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు, అరటిపళ్ళు ఉండాలి. వైజాగ్ సముద్రపు గాలికి అరచేతులు ఊరికే చెమర్చుతాయి. చాక్ రాసే ముందు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తడి చేతికి చాక్ రాస్తే ముద్ద అవుతుంది, అది జారడానికే పనికొస్తుంది. ఆ రోజు ఉదయం నూనె ముట్టుకోకు. తలకు నూనె రాసుకునే అలవాటుంటే అది కూడా మానెయ్యి. టిఫిన్‌లో పూరీలు కాకుండా ఇడ్లీ తిను, తిన్నాక చేతులు మళ్ళీ కడుగు. బరువు తగ్గి కింది క్లాసులో దిగాలనే ఆలోచన ఈసారి పెట్టుకోకు. నీళ్ళు మానేసి వెళ్తే శరీరం నీరసపడుతుంది.

హాల్లో అడుగు పెట్టగానే ఒక పరీక్ష ఉంటుంది. వేడెక్కే చోట ఎవరో ఒకరు గ్రిప్పర్ల డబ్బా తెరుస్తారు. ఇది మూయగలవా, అది మూయగలవా అని చేతులు మారుతాయి. మంచి మనుషులే, స్నేహంగానే ఇస్తారు. తీసుకుని చూసి, బాగుందన్నా అని తిరిగి ఇచ్చెయ్యి. పోటీ అయిపోయాక ఎన్నయినా మూయొచ్చు, అప్పుడు వాళ్ళే నేర్పిస్తారు కూడా. నేను ఈ ఆటలో నేర్చుకున్నదాంట్లో సగం పోటీ అయ్యాక గోడకు ఆనుకుని కూర్చుని నేర్చుకున్నదే. వేడెక్కడానికి తేలిక గ్రిప్పర్‌తో పదిసార్లు, సగం బరువుతో రెండుసార్లు, మొదటి అటెంప్ట్ కంటే కొంచెం తక్కువతో ఒకసారి చాలు. ఏసీ హాలైతే మధ్యలో చేతులు చల్లబడతాయి. చంకలో పెట్టుకుని కూర్చో.

రెఫరీ మాట విను. నిటారుగా నిలబడి, మోకాళ్ళు, భుజాలు సర్దుకుని ఆగాలి. ఆయన ‘డౌన్’ అనేదాకా దించకూడదు. ఒంటిచేతి ఈవెంట్‌లో రెండో చెయ్యి తొడకు ఆనించినా, ఎత్తే చెయ్యి కాలికి రాసుకున్నా చెల్లదు అంటారు. దించేటప్పుడు వదిలేయకుండా చేత్తోనే నేలకు చేర్చు. ఇవన్నీ ఇంట్లోనే అలవాటు చేసుకో. మీ తమ్ముణ్ణో స్నేహితుణ్ణో నిలబెట్టి ‘డౌన్’ అనమను. మొదటి పోటీలో బరువు లేచి కూడా తొందరపడి దించేసి పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

పరువు సంగతి అడిగావు. పిడికిలి బిగించడం కూడా ఒక పోటీయా అని ఇంట్లో అంటున్నారని రాశావు. సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు మీ నాన్న తప్పకుండా చూసి ఉంటారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గొలుసులు తెంచి, ఏనుగును గుండెల మీద నిలబెట్టుకుని దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆయన పేరుతో శ్రీకాకుళంలో స్టేడియం ఉంది. గుణుపూర్ నుంచి వీరఘట్టం ఎంత దూరమో నీకు తెలుసు. ఇది మన నేలకు కొత్త కాదని ఇంట్లో చెప్పు. హాల్లోనైతే కొత్తవాణ్ణి చూసి నవ్వే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మొదటిసారి అని రెఫరీకి ముందే చెబితే నియమాలు ఓపిగ్గా వివరిస్తారు. 52 కిలోలు శుభ్రంగా లేపి, ఆయన చెప్పేదాకా ఆగి, నెమ్మదిగా దించితే హాలంతా చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లు వినడానికైనా వెళ్ళు.

ముందు గ్రిప్పర్ ఏ కొలత నుంచి మొదలో, బరువు పెంచే పద్ధతి ఏదో, ఈవెంట్లు ఏ వరుసలో ఉన్నాయో కనుక్కుని ఇక్కడే రాయి. పించ్ మొదట వస్తే ఒక రకంగా, యాక్సిల్ అయ్యాక వస్తే ఇంకో రకంగా అంకెలు వేయాలి. పైపు కోయించాక దాని ఫోటో, లోపలి రాడ్ లావు కూడా పెట్టు. పిడి సరిగ్గా తిరుగుతోందో లేదో చూసి చెబుతాను, ఆ తర్వాత మొదటి వారం బరువులు ఇద్దరం కలిసి రాద్దాం.